రిటైరైన యుద్ధనౌకలను కొట్టి ముంచే విన్యాసాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

సర్వీసు అయిపోయిన యుద్ధనౌకను నడిసముద్రంలోకి లాక్కెళ్లి, నిజమైన క్షిపణులతోనూ టార్పెడోలతోనూ కొట్టి ముంచేస్తారు. ఆ వీడియోలు చూసినవాళ్లకు బోలెడు సందేహాలు వస్తాయి. ఇంత ఇనుము నీళ్లపాలు చేయడం దండగ కాదా? సముద్రం పాడవదా? కంప్యూటర్లు ఉండగా ఈ పని ఎందుకు? ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. ఉదాహరణల్లో చాలావరకు అమెరికా నౌకాదళానివే. ఈ పని ఎక్కువగా చేసేది వాళ్లే, దీనికి రాతపూర్వకమైన నిబంధనలు అందరికీ అందుబాటులో ఉన్నదీ అక్కడే.

ఈ విన్యాసాన్ని ఏమంటారు? ఇందులో ఏం జరుగుతుంది?

నౌకాదళాల భాషలో దీని పేరు సింకెక్స్. నౌకను ముంచే ఎక్సర్‌సైజ్ అన్నమాట. నౌకను ముందుగా సర్వీసు నుంచి తప్పిస్తారు, నౌకాదళ రిజిస్టర్ నుంచి పేరు కొట్టేస్తారు. అప్పటి నుంచి పేరు ముందు 'మాజీ' అని చేర్చి రాస్తారు. శుభ్రం చేశాక టగ్ బోటుతో లోతైన సముద్రంలోకి లాక్కెళ్లి వదిలేస్తారు. అప్పటికి అందులో మనుషులుండరు, ఇంధనం ఉండదు, ఆయుధాలుండవు. ఇంజిన్ తిరగదు. ఆపైన విమానాలు, హెలికాప్టర్లు, నౌకలు, సబ్‌మెరైన్లు, కొన్నిసార్లు తీరం మీది క్షిపణి దళాలు వంతులవారీగా దాని మీద గురిపెడతాయి.

కంప్యూటర్ సిమ్యులేషన్లు ఉండగా నిజం నౌకను ముంచడం ఎందుకు?

అందరికన్నా ముందు ఇంజినీర్లే అడగాల్సిన ప్రశ్న ఇది. నిజానికి అడిగారు కూడా. క్షిపణి దారి తప్పకుండా వెళ్తుందా లేదా తెలుసుకోవడానికి తేలే బార్జి చాలు, లేదా తెరలు కట్టిన లక్ష్యం చాలు. దానికోసం నౌకను ముంచక్కర్లేదు. నౌక కావాల్సివచ్చేది తగిలిన తర్వాత జరిగేదాని కోసం.

యుద్ధనౌక లోపల వందల గదులుంటాయి. వాటి మధ్య నీరు దాటనివ్వని గోడలు, ఆ గోడలను చీల్చుకుంటూ పోయే కేబుళ్లు, పైపులు, గాలి గొట్టాలు. ఎక్కడ వెల్డింగ్ గట్టిగా ఉందో, ముప్పై ఏళ్ల తుప్పు ఏ పలకను తినేసిందో ఏ డ్రాయింగులోనూ ఉండదు. పేలుడు వేడి ఏ దారిన పాకుతుంది, ఏ తలుపు వంగిపోయి నీళ్లను వదిలేస్తుంది, నౌక ఎంత ఒరిగాక తిరిగి లేవలేదు... వీటికి కంప్యూటర్ ఒక అంకె చెబుతుంది. ఆ అంకెను నమ్మాలంటే ఎక్కడో ఒకచోట నిజం నౌకతో సరిచూసుకోవాలి. లోపల సెన్సర్లు, కెమెరాలు పెట్టి కొలిచిన వివరాలే ఆ తర్వాతి లెక్కలకు పునాది.

రెండో కారణం మనుషులు. యుద్ధం రాని కాలంలో ఒక పైలట్ తన సర్వీసు మొత్తంలో అసలు వార్‌హెడ్, అంటే పేలే భాగం, ఉన్న క్షిపణిని ఒక్కసారి కూడా వదలకపోవచ్చు. ఆయుధాన్ని లోడ్ చేసే సిబ్బంది నుంచి బటన్ నొక్కే అధికారి దాకా అందరికీ ఉండే టెన్షన్ సిమ్యులేటర్‌లో రాదు. పైగా పలు దేశాల నౌకలు కలిసి కొట్టేటప్పుడు ఎవరు ముందు, ఎవరు తర్వాత, గురి సమాచారం ఎవరు ఎవరికి అందించాలి అన్నది పెద్ద పని. అందులో ఎక్కడ తడబడుతున్నారో అక్కడే బయటపడుతుంది.

నా అభిప్రాయంలో మొదటి కారణం చాలా బలమైంది. రెండోదానికి ప్రతిసారీ నౌకను ముంచాలా అంటే మాత్రం ఒక్కో విన్యాసాన్ని విడిగా చూసి చెప్పాలి.

అన్ని క్షిపణులు తగిలినా నౌక గంటల తరబడి మునగదు ఎందుకు?

చాలామందిని ఆశ్చర్యపరిచేది ఇదే. 2016 జులైలో హవాయి దగ్గర పలు దేశాల నౌకాదళాలు కలిసి చేసే రింపాక్ విన్యాసాల్లో మాజీ యూఎస్ఎస్ థాచ్ అనే ఫ్రిగేట్‌ను లక్ష్యంగా పెట్టారు. దక్షిణ కొరియా సబ్‌మెరైన్, ఆస్ట్రేలియా నౌక, అమెరికా గస్తీ విమానం, క్రూజర్, హెలికాప్టర్లు, ఫైటర్ జెట్లు అన్నీ కొట్టాయి. హార్పూన్లు, మావరిక్, హెల్‌ఫైర్ క్షిపణులు, బాంబులు, చివరకు టార్పెడో కూడా తగిలింది. అన్నీ తిని కూడా ఆ చిన్న ఫ్రిగేట్ పన్నెండు గంటలకు పైగా నీళ్లమీదే ఉంది.

కారణం సులువే. నౌకను ముంచేది నీళ్లు. నిప్పు కాదు. చాలా క్షిపణులు నీటిమట్టానికి పైన తగులుతాయి. అక్కడ ఎంత పెద్ద కన్నం పడినా నీళ్లు లోపలికి రావు. యుద్ధంలో అలాంటి దెబ్బ ప్రాణాంతకం అయ్యేది మంటల వల్ల. 1982 మే 4న ఫాక్‌లాండ్స్ యుద్ధంలో బ్రిటన్ డిస్ట్రాయర్ హెచ్ఎంఎస్ షెఫీల్డ్‌కు తగిలింది ఒకే ఒక్క ఎక్సోసెట్ క్షిపణి. మంటలు అదుపులోకి రాక నౌకను వదిలేశారు. లాక్కెళ్తుంటే మే 10న మునిగిపోయింది. సింకెక్స్ నౌకలో డీజిల్ లేదు, మందుగుండు లేదు, పరుపులు, కాగితాలు, నూనెలు లేవు. కాలడానికి ఏమీ లేనప్పుడు మంట పుట్టినచోటే ఆరిపోతుంది.

అందుకే థాచ్ వీడియో చూసి 'యుద్ధనౌకలు ఇంత గట్టివా' అనుకోవడం సగమే నిజం. షెఫీల్డ్‌ను చూసి 'ఒక్క క్షిపణికే పోతాయి' అనుకోవడమూ అంతే. ఖాళీ నౌక తేలుతూ ఉన్నంత మాత్రాన, మనుషులున్న నౌక యుద్ధం చేసే స్థితిలో ఉంటుందని అర్థం కాదు. రాడార్ పోయి, కరెంటు పోయి, డెక్ వంగిపోయిన నౌక తేలుతున్నా యుద్ధంలో లేనట్టే. ఈ తేడాను పట్టించుకోకుండా సింకెక్స్ ఫలితాలు చదివితే తప్పుడు ధైర్యం వస్తుంది.

మరి టార్పెడో తగిలితే ఒక్కసారిగా రెండు ముక్కలవుతుందే?

ఈ తరం బరువైన టార్పెడో చాలాసార్లు నౌకకు తగలదు. నౌక అడుగున వెన్నెముకలా పొడుగునా ఉండే కీల్ కింద కొంచెం లోతులో పేలుతుంది. 1999 జూన్ 14న పశ్చిమ ఆస్ట్రేలియా తీరానికి దూరంగా మాజీ హెచ్ఎంఎఎస్ టారెన్స్ మీద హెచ్ఎంఎఎస్ ఫార్న్‌కాంబ్ సబ్‌మెరైన్ మార్క్ 48 టార్పెడోను వదిలింది. ఆ ఫొటోలు లోకమంతా తిరిగాయి.

ఆ ఫొటోలను వరసగా చూస్తే జరిగింది అర్థమవుతుంది. మొదట నౌక మధ్యభాగం పైకి లేస్తుంది. కింద పేలుడు వాయువులతో పెద్ద బుడగ ఏర్పడి నీళ్లను, వాటితోపాటు నౌకను నెట్టడం వల్ల. మరుక్షణం ఆ బుడగ కుంచించుకుపోతుంది. మధ్యలో నౌకకు ఆనుకోవడానికి నీళ్లుండవు. రెండు చివరలూ నీళ్లమీద, నడుము మాత్రం గాల్లో. చెరుకుగడను ముందు అటు వంచి వెంటనే ఇటు వంచినట్టు కీల్ విరుగుతుంది. అప్పుడు కూలిపోతున్న బుడగ నుంచి నీటి ధార ఎగదన్ని ఆ విరిగినచోటునే పొడుస్తుంది. ఫొటోలో తెల్లటి స్తంభంలా కనిపించేది ఆ నీళ్లే. టారెన్స్ సుమారు 2,700 టన్నుల నౌక. రెండుగా విడిపోయింది.

చాలా విన్యాసాల్లో టార్పెడోను ఆఖరి వంతుగా పెట్టడానికి కారణం ఇదే. దాన్ని ముందే వదిలితే మిగతావాళ్లకు కొట్టడానికి నౌకే ఉండదు.

ఏ నౌకను ముంచాలో ఎలా నిర్ణయిస్తారు?

సర్వీసు అయిపోయిన నౌకకు ఉన్న దారులు కొన్నే. మిత్రదేశానికి ఇవ్వడం, మ్యూజియంకు ఇవ్వడం, తుక్కు కింద అమ్మడం, తీరం దగ్గర ముంచి చేపలకు దిబ్బగా మార్చడం, ఏదీ కుదరకపోతే లక్ష్యంగా వాడటం. ఎక్కువగా ఫ్రిగేట్లు, దళాలను దించే పెద్ద నౌకలు, సరుకు నౌకలు ఈ చివరి జాబితాలోకి వస్తాయి. అణు ఇంజిన్ ఉన్నవి రావు. వాటి రియాక్టర్ భాగాన్ని కోసి విడిగా పాతిపెట్టాల్సిందే.

ముంచే ముందు నౌకలోంచి ఏమేం తీసేస్తారు?

అమెరికాలో 1972 నాటి సముద్ర పరిరక్షణ చట్టం కింద పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏ ఇచ్చిన సాధారణ అనుమతి ప్రకారం ఈ పని జరుగుతుంది. అందులో శుభ్రం చేయడం గురించి రాసిన తీరు చాలా కచ్చితంగా ఉంటుంది.

ఇంధన ట్యాంకులు, పైపులు వీలైనంత అడుగుదాకా ఖాళీ చేయాలి. అంతటితో ఆపకూడదు. నీళ్లతో కడగాలి, ఆ నీళ్లను మళ్లీ పూర్తిగా తోడేయాలి. చమురు దాదాపు లేనట్టు అయ్యేదాకా ఇది సాగాలి. ఊడివచ్చే ప్రతి వస్తువునూ, అంటే తేలి చెత్తగా మారేదాన్ని లేదా నీళ్లలో కరిగి విషమయ్యేదాన్ని, విప్పేయాలి. పాదరసం ఉన్న మీటర్లు, ఏసీల్లో గ్యాసులు, బ్యాటరీలు ఆ జాబితాలోకి వస్తాయి.

అసలు చిక్కు పీసీబీలతో. ఇవి మంట అంటుకోని, చెడిపోని రసాయనాలు కాబట్టి ఒకప్పుడు కరెంటు సామానులో విరివిగా వాడారు. చెడిపోకపోవడమే తర్వాత శాపమైంది. చేపల కొవ్వులో చేరి తరతరాలు ఉండిపోతాయి. అమెరికా 1979లో వీటి తయారీని నిషేధించింది. అంతకుముందు కట్టిన నౌకల్లో మాత్రం ట్రాన్స్‌ఫార్మర్లలోనే కాక కేబుల్ తొడుగుల్లో, రబ్బరు గ్యాస్కెట్లలో, గాలి గొట్టాల అతుకుల మధ్య ఫెల్ట్‌లో, కొన్నిచోట్ల పెయింటులో కూడా ఉన్నాయి. మూడు పౌండ్లు, అంటే సుమారు 1.36 కిలోలు, లేదా అంతకన్నా ఎక్కువ ద్రవం పట్టే ట్రాన్స్‌ఫార్మర్లు, కెపాసిటర్లు తప్పనిసరిగా తీయాలి. సులువుగా విప్పగలిగే ఘన వస్తువులనూ తీయాలి. గోడల లోపల కిలోమీటర్ల కొద్దీ పరుచుకున్న కేబుల్‌ను మాత్రం మొత్తం లాగడం లేదు. వివాదమంతా ఆ మిగిలినదాని చుట్టూనే.

ఎక్కడ పడితే అక్కడ ముంచవచ్చా?

కుదరదు. తీరానికి కనీసం 50 నాటికల్ మైళ్ల దూరం, అంటే సుమారు 93 కిలోమీటర్లు ఉండాలి. లోతు కనీసం 1,000 ఫాథమ్‌లు, అంటే సుమారు 1,830 మీటర్లు. నౌక త్వరగా, శాశ్వతంగా అడుగుకు చేరాలి, నౌకా మార్గాలకు అడ్డు రాకూడదు. ముంచిన నౌకల వివరాలతో ఏటా ఈపీఏకు నివేదిక ఇవ్వాలి. ఆచరణలో అంతకన్నా చాలా లోతైన చోట్లనే ఎంచుకుంటారు. హవాయిలో కవాయి దీవికి ఉత్తరాన వాడే చోట లోతు 15,000 అడుగులు.

ఇవి అమెరికా నిబంధనలు. సముద్రంలో వ్యర్థాలు పారేయడంపై 1972 నాటి లండన్ ఒప్పందం అంతర్జాతీయంగా ఉంది కానీ, యుద్ధనౌకల విషయంలో ఆయా దేశాలు తమకు తామే నిబంధనలు పెట్టుకుంటాయి.

తిమింగలాలు, తాబేళ్ల సంగతేంటి?

అమెరికా పద్ధతిలో లక్ష్యనౌక చుట్టూ 2.5 నాటికల్ మైళ్ల పరిధిని విమానాలతో గాలిస్తారు. మొదటి కాల్పులకు 90 నిమిషాల ముందు నుంచే ఇది మొదలవుతుంది. నీటిలోని మైకులతో జంతువుల చప్పుళ్లు కూడా వింటారు. ఏదైనా కనిపిస్తే కాల్పులు ఆపాలి. నౌక మునిగాక రెండు గంటలపాటు లేదా చీకటి పడేదాకా మళ్లీ చూడాలి. అయితే పైనుంచి చూసేవాళ్లకు ఊపిరి కోసం పైకి వచ్చిన జంతువే కనిపిస్తుంది. గంటసేపు లోతున ఉండిపోగల ముక్కుతిమింగలం లాంటిది కళ్లబడటం అదృష్టం మీద ఆధారపడ్డ విషయమే. ఈ లోటును మైకులు కొంతవరకే తీరుస్తాయి.

సముద్రం పాడవుతోందన్న ఆరోపణలో నిజం ఉందా?

ఉంది. ఎంత అన్నదే తగువు. 2011లో బాసెల్ యాక్షన్ నెట్‌వర్క్, సియెర్రా క్లబ్ అనే పర్యావరణ సంస్థలు కలిసి ఈపీఏ మీద కోర్టుకు వెళ్లాయి. నౌకలో మిగిలిపోయే పీసీబీల గురించి నిబంధనలు బలహీనంగా ఉన్నాయన్నది వాళ్ల వాదన. నౌకాదళం వైపు జవాబు ఏమిటంటే, నాలుగైదు కిలోమీటర్ల లోతున చీకట్లో, గడ్డకట్టేంత చల్లని నీళ్లలో ఆ ఘనపదార్థం నుంచి రసాయనం చాలా నెమ్మదిగా బయటికి వస్తుంది, మనం తినే చేపల దాకా రాదు అని.

ఇక్కడ తీరం దగ్గరి అనుభవం ఒకటి పనికొస్తుంది. 2006 మే 17న ఫ్లోరిడాలో పెన్సకోలా దగ్గర విమాన వాహక నౌక ఒరిస్కనీని కృత్రిమ దిబ్బగా ముంచారు. అక్కడ లోతు 212 అడుగులే. ఆ తర్వాత ఆ చుట్టుపక్కల చేపల్లో పీసీబీలను క్రమం తప్పకుండా కొలిచారు, మొదట్లో కొన్నింటిలో మోతాదు పెరిగినట్టు కనిపించింది కూడా. అంటే నౌకలో మిగిలింది నౌకలోనే ఉండిపోదు. లోతైన చోట నెమ్మదిగా జరుగుతుందనడం నిజమే కావచ్చు. కానీ అంత లోతుకు వెళ్లి కొలిచేవాళ్లు చాలా తక్కువ. కొలవకుండా 'ఏమీ కాదు' అనడం నాకు మింగుడుపడదు. 1979కి ముందు కట్టిన నౌకలను ముంచడం ఆపి తుక్కుకే పంపాలి. తర్వాత కట్టినవి కావాల్సినన్ని రిటైర్ అవుతున్నాయి.

తుక్కుకి అమ్మితే డబ్బు వస్తుంది కదా?

అనుకున్నంత రాదు. ఆస్‌బెస్టాస్, పీసీబీలు, పాత పెయింటు పద్ధతిగా తీసి పారేయడానికే ఖర్చు బాగా అవుతుంది. అమెరికా తన యుద్ధనౌకలను విదేశీ బీచ్‌లలో విరగ్గొట్టనివ్వదు, స్వదేశంలోనే చేయించాలి. ఆ లెక్కంతా కలిసి 2013లో ఫారెస్టల్ అనే మహా విమాన వాహక నౌక ఒక్క సెంటుకు పోయింది. 2021లో కిట్టీ హాక్, జాన్ ఎఫ్. కెన్నెడీ కూడా చెరో సెంటుకే పోయాయి. ఉక్కు, రాగి అమ్ముకున్న లాభం విరగ్గొట్టే కంపెనీది. అయినా వేల టన్నుల ఉక్కు మళ్లీ వాడకంలోకి వస్తుంది, వందలమందికి పని దొరుకుతుంది. ఖజానాకు లాభం లేదు కాబట్టి దేశానికీ లాభం లేదన్న వాదన సరికాదు.

ఇప్పటిదాకా ముంచినవాటిలో అతిపెద్ద నౌక ఏది?

మాజీ యూఎస్ఎస్ అమెరికా. విమాన వాహక నౌక. మామూలు సింకెక్స్ కన్నా ఇది పూర్తిగా భిన్నం. 2005 ఏప్రిల్ 19 నుంచి నాలుగు వారాలకు దగ్గరగా దాని మీద పరీక్షలు జరిపారు. లోపలా, నీటి అడుగునా, పైనా అమర్చిన పేలుడు పదార్థాలను ఒక్కొక్కటిగా పేలుస్తూ, ప్రతిసారీ నష్టాన్ని కొలుస్తూ వెళ్లారు. రాబోయే విమాన వాహక నౌకలు ఎంత దెబ్బ తట్టుకోగలవో లెక్కకట్టడం దాని ఉద్దేశం. అన్ని పరీక్షలకూ నిలబడింది. చివరికి మే 14న లోపల ఛార్జీలు పేల్చి ముంచారు. నార్త్ కరోలినా తీరానికి ఆగ్నేయంగా, సుమారు 250 మైళ్ల దూరంలో, 16,860 అడుగుల లోతున ఉంది. ఫలితాలు చాలావరకు రహస్యం. కొత్త నౌకల్లో వేలమంది ప్రాణాలు నిలబెట్టే సమాచారం అది. ఒక పెద్ద నౌకను బలిపెట్టడానికి ఇంతకన్నా న్యాయమైన కారణం నాకు తోచదు.

ఇది ఎప్పటి నుంచి ఉంది?

వందేళ్ల పైనే. 1921 జులైలో వర్జీనియా తీరంలో, మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీ నుంచి తీసుకున్న ఓస్ట్‌ఫ్రీస్‌లాండ్ అనే యుద్ధనౌకను అమెరికా విమానాలు బాంబులతో ముంచాయి. నాయకత్వం వహించింది జనరల్ బిల్లీ మిచెల్. విమానం ముందు యుద్ధనౌక నిలవదని నిరూపించాలన్నది ఆయన పట్టుదల. దాడికీ దాడికీ మధ్య పరిశీలకులు నౌక ఎక్కి నష్టం చూడాలన్నది నౌకాదళం పెట్టిన షరతు. చివరి రోజు మిచెల్ విమానాలు అలా ఆగకుండా భారీ బాంబులు కురిపించాయి. కదలని, కొట్టని, కన్నాలు పూడ్చే సిబ్బంది లేని నౌకను ముంచడం ఏం రుజువు అని నౌకాదళం మండిపడింది. ఆ అభ్యంతరం ఇవాళ్టి సింకెక్స్‌కు కూడా అక్షరాలా వర్తిస్తుంది.

మూడేళ్ల తర్వాత దానికి ఎదురు ఉదాహరణ దొరికింది. ఆయుధ నియంత్రణ ఒప్పందం వల్ల పూర్తి కాకుండా ఆగిపోయిన వాషింగ్టన్ అనే యుద్ధనౌకను టార్పెడోలతో, బాంబులతో పరీక్షించారు. మునగలేదు. 1924 నవంబర్ 25న టెక్సస్, న్యూయార్క్ నౌకల పెద్ద ఫిరంగులతో కొడితేగానీ మునగలేదు. ఒక నౌకను చూసి ఒక సిద్ధాంతం కట్టకూడదని ఈ రెండూ పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

అణుబాంబులతో కూడా పరీక్షించారట, నిజమేనా?

నిజమే. 1946 జులైలో బికినీ దీవుల దగ్గర తొంభైకి పైగా నౌకలను నిలబెట్టి రెండు బాంబులు పేల్చారు. రెండోది నీటి అడుగున పేలడంతో రేడియోధార్మిక నీళ్లు నౌకలన్నిటి మీదా పడ్డాయి. ఎంత కడిగినా పోలేదు. మునగని నౌకలు కూడా పనికిరాకుండా పోయాయి. ఆ దీవులవాళ్లు ఇల్లూ వాకిలీ వదిలి వెళ్లాల్సివచ్చింది. ఈ జాబితాలో దేన్నీ దానితో సమానంగా చూడకూడదు.

అక్కడ రెండు బాంబులకూ మునగని వాటిలో నెవాడా ఒకటి. పెర్ల్ హార్బర్ దాడిని తట్టుకున్న నౌక. దాన్ని 1948 జులై 31న హవాయి దగ్గర ఫిరంగులతో కొట్టి, ఆఖరున విమానం నుంచి టార్పెడో వదిలి ముంచారు. శిథిలాలు 2020లో దొరికాయి.

ఇతర దేశాలు, మన నౌకాదళం కూడా చేస్తాయా?

చేస్తాయి. ఆస్ట్రేలియా, బ్రిటన్, నార్వే లాంటివి ఎప్పటి నుంచో చేస్తున్నాయి. 2018 రింపాక్‌లో మాజీ యూఎస్ఎస్ రసీన్‌ను ముంచినప్పుడు జపాన్ భూదళం తీరం నుంచి క్షిపణి వదిలింది.

భారత నౌకాదళం 2020 అక్టోబర్‌లో ఐఎన్ఎస్ ప్రబల్ నుంచి వదిలిన క్షిపణితో ఒక పాత నౌకను ముంచిన వీడియోను బయటపెట్టింది. అదే నెల 30న ఐఎన్ఎస్ కోరా బంగాళాఖాతంలో మరో లక్ష్యనౌకను కొట్టింది. 2022 ఏప్రిల్‌లో సుఖోయ్-30 నుంచి వదిలిన బ్రహ్మోస్ కూడా రిటైరైన నౌకకే తగిలింది. అయితే లక్ష్యనౌకలను ఎలా శుభ్రం చేస్తారు, ఎంత లోతున ముంచుతారు అన్న వివరాలు అమెరికా మాదిరి ఏటా నివేదికగా రావాలి. రక్షణ రహస్యాలు చెప్పమని ఎవరూ అడగడం లేదు. ట్యాంకులు కడిగారా లేదా అన్నది రహస్యం కాదు.

ఇదంతా శత్రుదేశాలకు చూపించడానికేనా?

కొంతవరకు అవును, అందులో తప్పేమీ లేదు. 2024 రింపాక్‌లో 820 అడుగుల మాజీ యూఎస్ఎస్ తరావాను ముంచారు. అదే విన్యాసాల్లో బీ-2 బాంబర్ తక్కువ ఖర్చుతో నౌకలను ముంచే కొత్త రకం బాంబును వాడింది. విమాన వాహక నౌకంత ఉన్న లక్ష్యాన్ని ఎంచుకోవడంలో సందేశం ఎవరికో అందరికీ తెలుసు.

ఒక్కోసారి అర్థాలు వాటంతటవే పుట్టుకొస్తాయి. 2024 మేలో ఫిలిప్పీన్స్ ముంచిన పాత ట్యాంకర్ లేక్ కలిరాయా చైనాలో తయారైంది. అందుకోసం ఎంచుకోలేదని అధికారులు చెప్పినా పత్రికలు ఊరుకోలేదు. చూపించడమే ఏకైక ఉద్దేశం అయినప్పుడు, కొలతలు ఏమీ తీసుకోనప్పుడు మాత్రం నాకు అభ్యంతరం. అలాంటి రోజున నేర్చుకున్నది సున్నా, అడుగున మిగిలింది ఇనుము.

లక్ష్యనౌక ముందే మునిగిపోతే?

జరిగింది. 2025 మే 5న ఫిలిప్పీన్స్‌లో విన్యాసానికి సిద్ధం చేసిన మాజీ బీఆర్పీ మిగెల్ మల్వార్, రెండో ప్రపంచ యుద్ధ కాలపు నౌక, లాక్కెళ్తుండగానే నీళ్లు చేరి మునిగిపోయింది. ఒక్క క్షిపణీ వదలక ముందే. ఎనభై ఏళ్ల పలకలకు అలల తాకిడే చాలు.

అందులో పనిచేసిన నావికులు ఏమంటారు?

ఒకే మాట మీద లేరు. యూఎస్ఎస్ అమెరికాను మ్యూజియం చేయాలని మాజీ సిబ్బంది గట్టిగా అడిగారు, వినలేదు. తుక్కు యార్డులో ముక్కలుగా కోయడం కన్నా సముద్రంలోనే పోవడం మేలని అనుకునేవాళ్లూ ఉన్నారు. నౌక గంట, పేరు పలక లాంటివి ముందే తీసి భద్రపరుస్తారు. ఆ నౌకలో జీవితంలో మంచి వయసు గడిపిన మనిషికి తేదీ ముందుగా చెప్పాలి, వీలైతే చివరిసారి డెక్ మీద నడిచే అవకాశం ఇవ్వాలి. ఖర్చులేని ఈ మర్యాద అన్నిచోట్లా జరగడం లేదు.

వీడియో చూసేటప్పుడు ఏం గమనించాలి?

ముందు గడియారం. పన్నెండు గంటల పనిని ఒక నిమిషానికి కుదించి ఉంటారు. మొదటి దెబ్బకే మునిగినట్టు అనిపిస్తే ఎడిటింగ్ అనుకోండి.

పొగను చూడకండి, నీటిగీతను చూడండి. నౌక పక్కకి ఒరుగుతోందా, ముందుభాగం దిగుతోందా అన్నదే అసలు కథ. దెబ్బ తగిలినా పెద్ద పేలుడు కనిపించకపోతే గురి తప్పిందని కాదు. కొన్ని క్షిపణుల్లో వార్‌హెడ్ బదులు కొలత పరికరాలు పెడతారు, అవి కన్నం చేసి ఊరుకుంటాయి. చివర్లో తెల్లటి నీటి స్తంభం లేచి నడుము విరిగితే అది టార్పెడో. అలా కాకుండా నౌక నిటారుగా, నెమ్మదిగా దిగిపోతే చాలాసార్లు లోపల ముందే అమర్చిన ఛార్జీలు పేల్చి ఉంటారు.